వాగు దాకా జరిపిన గీత

ఉద్యోగానుభవం ఏదైనా రాయమని మన తెలుగు సంఘం పిల్లలు రెండేళ్ళుగా వెంటపడుతున్నారు. "అంకుల్, మీరు ఐర్లాండ్ మ్యాపునే మార్చారట కదా, అది రాయండి" అంటారు. ఐర్లాండ్ మ్యాపు మార్చేంత వాణ్ణి కాదు నేను. అందులో ఒక మూల, గోరంత మేర, నా చేతి మీదుగా మారింది. దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు గనక ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను. ఇప్పుడు రిటైరయ్యాను, సాకులూ అయిపోయాయి. ఎవరి పేర్లూ చెప్పను, ఆ ఊరి పేరు అసలే చెప్పను. ఈ కథలో తప్పు చేసిన మనిషి ఒక్కడే, వాడు ఈ రాసేవాడే కాబట్టి మిగతావాళ్ళ పేర్లతో మీకు పని లేదు.

నేను ఒంగోలు వైపు మండల సర్వేయరుగా పన్నెండేళ్ళు పొలాల్లో గొలుసు లాగించినవాణ్ణి. గట్టు తగాదాల మధ్య నిలబడి రెండు వైపులా తిట్లు తిన్నవాణ్ణి. మా ఆవిడ డాక్టరు. ఆమెకు వెస్ట్‌మీత్ కౌంటీలోని ములింగార్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, ఆమె వెనక మా పాపా నేనూ వచ్చాం. మొదటి రెండేళ్ళు ఇంట్లో ఉండి వంటా, కంప్యూటర్లో మ్యాపులు గీయడమూ నేర్చుకున్నాను. రెండోది బాగా వచ్చింది. ఆ తరువాత డబ్లిన్‌లో మ్యాపుల ఉద్యోగం దొరికి, పొద్దున్నే రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. యాభై దాటాక, కౌంటీ హద్దులు పరిశీలించే ఒక కమిటీకి నన్ను మ్యాపుల మనిషిగా వేశారు.

ఇక్కడ కౌంటీ అంటే మన జిల్లా అనుకుంటే సగం అర్థమవుతుంది. మిగతా సగం ఆటల రోజున అర్థమవుతుంది. మన దగ్గర జిల్లా మార్చాలంటే ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తుది గెజిట్ వేస్తుంది. కలెక్టరాఫీసు ముందు నాలుగు రోజులు టెంట్లు వేస్తారు, తరువాత అలవాటు పడతారు. ఇక్కడ కౌంటీల పేర్లు వరసగా చట్టంలోనే రాసి ఉంటాయి. హద్దు కదలాలంటే మంత్రి ఒక స్వతంత్ర కమిటీ వేయాలి. కమిటీ జనం రాసి పంపినవన్నీ చదివి నివేదిక ఇవ్వాలి. మంత్రి దాన్ని ఒప్పుకుంటే ముసాయిదా ఉత్తర్వు తయారుచేసి పార్లమెంటు రెండు సభల ముందూ పెట్టాలి. సభలు సరేనంటే ఉత్తర్వు అమల్లోకి వస్తుంది. ఉత్తర్వుకు మ్యాపు జత చేసి ముద్ర వేస్తారు. ఆ మ్యాపు మీది గీత ఎటు పోతే కౌంటీ అటు పోతుంది.

మాకొచ్చిన వ్యవహారం ఇదీ. ఒక ఊరు పెరిగి పెరిగి నది దాటింది. నదికి ఇవతల ఒక కౌంటీ, అవతల ఇంకో కౌంటీ. అవతలి ఒడ్డున లేచిన ఇళ్ళూ, సూపర్ మార్కెట్టూ, బడీ అన్నీ ఊరివే, కానీ చెత్తబండి దగ్గర్నుంచి వీధి దీపం దాకా పక్క కౌంటీది. అవతలి ఒడ్డును కూడా ఊరి కౌంటీలో కలపాలా, కలిపితే ఎంత మేర కలపాలి అన్నది ప్రశ్న. కమిటీలో ముగ్గురు సభ్యులు, అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు. వాళ్ళకు పని చేసిపెట్టే ఆఫీసులో మేమూ ముగ్గురమే. నాకంటే పదేళ్ళు చిన్నవాడైన కార్యదర్శి, జనం పంపే కాగితాలు చూసే, కెర్రీ కౌంటీ నుంచి వచ్చిన ఆవిడ, మ్యాపులకు నేను.

జనాభిప్రాయానికి అవతలి ఒడ్డున ఒక హోటల్లో సమావేశం పెట్టాం. వాళ్ళ కౌంటీ జెర్సీలు వేసుకుని ముసలీ ముతకా అంతా దిగారు. హద్దు మారినా ఆటల జట్లు మారవని మా కార్యదర్శి ఆరుసార్లు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఒక పెద్దాయన లేచి, "మా నాన్న ఈ కౌంటీలో పుట్టాడు, ఈ కౌంటీలో పోయాడు, ఈ కౌంటీ మట్టిలో పూడ్చాం. ఇప్పుడు మీరొచ్చి ఆయన్ని పక్క కౌంటీలో పడుకోబెడతారా?" అని అడిగాడు. దానికి చట్టంలో జవాబు లేదు. ఇంతలో ఇంకొకాయన నావైపు తిరిగి, "నీదే కౌంటీ?" అన్నాడు. "వెస్ట్‌మీత్" అన్నాను. ఆటల్లో ఎప్పుడూ ఓడిపోయే కౌంటీ అది, హాలంతా ఒక్కసారిగా నవ్వింది. "వెస్ట్‌మీత్ జట్టా! పాపం, అయితే నీకు కష్టమంటే తెలుసులే" అని ఆయనే నాకు టీ తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నేను చాలా సంతోషంగా రైలెక్కాను.

ఆ తరువాత కాగితాలు రావడం మొదలైంది. ఊహించనన్ని వచ్చాయి. అందులో ఎక్కువభాగం ఒకే అచ్చు ఫారం. "మా కౌంటీ హద్దు మార్చడాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను" అని నాలుగు ముక్కలు, కింద పేరు, చిరునామా, సంతకం. చర్చి గేటు దగ్గరా, క్లబ్బులోనూ, మాంసం కొట్టు కౌంటరు మీదా పెట్టి సంతకాలు పెట్టించారు. ఇలాంటివి వచ్చినప్పుడు పద్ధతి ఏమిటంటే, అచ్చు ఫారాలన్నిటికీ కలిపి నివేదికలో ఒక్క పేరా రాస్తారు, ఎన్ని వచ్చాయో చెబుతారు. సొంతంగా రాసిన ఉత్తరాలను మాత్రం ఒక్కొక్కటీ చదివి సారాంశం తీస్తారు. పద్ధతి న్యాయమైనదే.

ఆ ఫారాలన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించే ఏర్పాటు నాది. కెర్రీ ఆవిడ ఒక కట్ట చేతిలో పట్టుకుని వచ్చి, "రెండు వైపులా స్కాన్ చేద్దామా?" అని అడిగింది.

"వెనకంతా ఖాళీయే కదా" అన్నాను.

"ఖాళీయేననుకో. అయినా..."

"రెండు వైపులా చేస్తే సగం పేజీలు తెల్లగా వస్తాయి. మళ్ళీ వాటిని ఏరి పారేయడం ఇంకో పని. ఒక వైపు చాలు."

"నువ్వే చెప్తున్నావుగా, గ్రాండ్" అని వెళ్ళిపోయింది. ఇక్కడ గ్రాండ్ అంటే సరే అని. స్కానరు మీద మీట నొక్కి ఒక వైపుకి పెట్టింది నేనే. ఆ పూట పని త్వరగా అయిపోయిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఒంగోలులో అయితే ప్రతి అర్జీ వెనక్కి తిప్పి చూసేవాణ్ణి. మన జనం ముందు వైపు రైటరు చేత రాయించి, అసలు బాధ వెనక రాస్తారు. ఐర్లాండ్ వాళ్ళు అలా చేయరని నాకెవరు చెప్పారో నాకే తెలియదు.

గీత గీసే రోజు వచ్చింది. కమిటీ కొంత మేర కలపాలనే నిర్ణయించింది. నది దగ్గర మొదలుపెట్టి గీత ఎటు పోవాలో గజం గజం చూస్తూ వచ్చాం. పడమటి చివరకు వచ్చేసరికి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, ఒక సన్నటి బండి దారి పట్టుకుని వెళ్ళి హైవేలో కలపడం. రెండోది, ఇంకో అరమైలు అవతల పారే వాగు దాకా వెళ్ళడం. రెంటి మధ్యా పొలాలు, అయిదారు ఇళ్ళు, అంతే. వాగు పట్టుకుంటే గీత చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పాత హద్దురాళ్ళకూ సరిపోతుంది. నాకు వాగే నచ్చింది, ఆ మాట చెప్పాను.

అధ్యక్షుడు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "ఆ ఇళ్ళవాళ్ళు ఏమన్నా రాశారా?" అని అడిగాడు.

కంప్యూటర్లో వెతికాను. ఆ మేర నుంచి పదకొండు అచ్చు ఫారాలు కనబడ్డాయి. "మామూలు ఫారాలే సర్. ప్రత్యేకంగా ఎవరూ ఏమీ అడగలేదు" అన్నాను.

"అడిగి ఉంటే దారి దగ్గరే ఆపేవాళ్ళం. మనకేం పోయింది" అని ఆయన పెన్ను మూత తీశాడు. గీత వాగు దాకా జరిగింది.

నివేదిక అచ్చయింది. గురువారం మంత్రికి ఇవ్వాలి. మంగళవారం నాడు నేనూ కెర్రీ ఆవిడా ఫారాలను పెట్టెల్లో సర్ది భద్రపరచడానికి పంపిస్తున్నాం. ఒక కట్ట జారి నేల మీద పడింది. ఏరుతుంటే ఒక ఫారం బోర్లా పడి ఉంది. వెనకంతా నీలం సిరాతో రాత. కింద ఒక పటం.

పటం ముందు చూశాను, పాత అలవాటు. ఇల్లు, గొడ్ల చావిడి, బండి దారి, వాగు, మధ్యలో ఒక పొలం. చేత్తో గీసినా కొలతలు చక్కగా కుదిరాయి. ఉత్తర దిక్కు ఎటో బాణం గుర్తు కూడా వేసి ఉంది. సర్వేయరు కాని మనిషి అంత బాగా గీయడం నేను చూడలేదు. తరువాత రాత చదివాను.

రాసినావిడకు పెళ్ళయి పిల్లలున్నారు, ఊళ్ళో అద్దెకుంటోంది. తమ్ముడికి నలభై ఎనిమిదేళ్ళు, పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. వాళ్ళమ్మ పోయాక వాగు పక్కనున్న రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. పొద్దునా సాయంత్రమూ ఆమె కారేసుకుని వెళ్ళి వండిపెట్టి వస్తోంది. ఆ పొలంలోనే చిన్న ఇల్లు కట్టుకుని తమ్ముడి పక్కనే ఉండాలని ఆమె ప్రయత్నం. ఇక్కడ పల్లెలో ఇల్లు కట్టాలంటే కౌంటీ అనుమతి కావాలి, ఆ మనిషికి ఆ నేలతో సంబంధం ఉందని రుజువు చేయాలి. పాత కౌంటీ వాళ్ళు ఆమె కాగితాలు చూసి పర్వాలేదన్నారు. కానీ తల్లి భూమి ఆమె పేరుకు మారడం ఇంకా పూర్తి కాలేదు, అది కానిదే దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. ఊరి కౌంటీ నిబంధనలు వేరు. ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో వాళ్ళు ఎవరినీ కట్టనివ్వరు.

చివర్న ఇలా రాసింది. "ముందువైపు సంతకం మా పక్కింటివాళ్ళు పెట్టమంటే పెట్టాను. నాకు ఏ కౌంటీ అయినా ఒకటే, ఏ జెర్సీ అయినా ఒకటే. హద్దు మార్చండి. కానీ గీతను మా బండి దారి దగ్గర ఆపండి. వాగు దాకా తీసుకురావద్దు. మా తమ్ముడు ఆ ఇల్లు తప్ప ఇంకెక్కడా ఉండలేడు."

అది చదివాక మిగతా పెట్టెలన్నీ విప్పి వెనకవైపులు చూశాను. కెర్రీ ఆవిడ ఏమిటని అడిగితే లెక్క సరిచూస్తున్నానన్నాను. ఇంకెవరూ వెనక ఏమీ రాయలేదు. అన్ని వేల కాగితాల్లో ఈమె ఒక్కతే రాసింది.

కార్యదర్శి గదికి వెళ్ళాను. చొక్కా జేబులో ఆ ఫారం మడిచి ఉంది. మడవకూడదని తెలిసీ మడిచాను.

"ఒక చిన్న సందేహం. ఏదైనా ఉత్తరం మన కంట పడకుండా పోయిందనుకోండి, ఇప్పుడు ఏం చేస్తాం?"

అతను తలెత్తాడు. "పోయిందా ఏమన్నా?"

"లేదు, ఊరికే అడుగుతున్నా."

"పోయి ఉంటే గురువారం ఆపుతాను. కమిటీని మళ్ళీ కూర్చోబెడతాను. నానా రభస అవుతుంది, అయినా ఆపక తప్పదు. అందుకే అడుగుతున్నా, ఏమన్నా పోయిందా?"

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు అరక్షణం కూడా పట్టలేదు.

ఎందుకన్నానో మీకు చెప్పాలి, ఎందుకంటే మీరూ ఒకరోజు ఇలాంటి గుమ్మంలో నిలబడతారు. నా వీసాకు ఏ భయమూ లేదు, ఎప్పుడో పౌరసత్వం వచ్చింది. ఉద్యోగం పోయేదీ కాదు. అతను మంచివాడు, కేకలు కూడా వేసేవాడు కాదు. కానీ ఆ ఆఫీసులో నాకొక పేరుంది. ఇండియా నుంచి వచ్చినాయన చేతిలో పెడితే ఒక్క కాగితం తప్పిపోదని అందరితో చెప్పుకునేవారు. ఆ పేరు నాకు బాగా ముద్దు. రెండో సంగతి ఇంకా సిగ్గుచేటు. ఇలాంటి నివేదికలు నేను వచ్చాక చాలా చూశాను. ప్రతిదీ అట్టహాసంగా మంత్రి చేతికి వెళుతుంది, ఫొటో తీస్తారు, ఆ తరువాత అటక ఎక్కుతుంది. ఓట్లు పోతాయని ఏ మంత్రీ హద్దు జోలికి వెళ్ళడు. ఇదీ అంతేలే, గీత కాగితం మీదే ఉండిపోతుందిలే అనుకున్నాను. పని జరగదన్న ధీమాతో తప్పు దాచుకున్నాను. గవర్నమెంటులో పనిచేసిన వాడికి తప్ప ఇంత తెలివి ఎవరికీ రాదు.

ఆ ఒక్క నివేదికే ముందుకు నడిచింది. మంత్రి మారాడు. కొత్తాయనకు ఊరు పెరగాలని పట్టుదల. ముసాయిదా ఉత్తర్వు తయారైంది. రెండు సభల్లోనూ ఆమోదం పొందిన రోజు నేను టీవీలో చూశాను. ఒక సభ్యుడు జెర్సీ గురించి ఆవేశంగా మాట్లాడాడు. బండి దారి గురించీ వాగు గురించీ ఒక్కరూ మాటెత్తలేదు. వాళ్ళకెలా తెలుస్తుంది?

ఉత్తర్వు వచ్చాక మ్యాపును జనం చూసుకోవడానికి ఊళ్ళో గ్రంథాలయంలో పెట్టాం. అడిగినవాళ్ళకు వివరించడానికి రెండు రోజులు నన్ను కూర్చోబెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. ముందు నేను గుర్తుపట్టలేదు, ఎప్పుడూ చూడలేదు కదా. పక్కన దిట్టంగా, తెల్లటి ముఖంతో తమ్ముడు. కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. అతను నేరుగా మ్యాపు దగ్గరికి వచ్చి, "మా ఇల్లు ఏది?" అన్నాడు.

చూపించాను. అతను దాని మీద వేలు పెట్టి, ఆ వేలు అక్కడ్నుంచి కొంచెం పక్కకి జరిపి, "ఇక్కడ అక్క ఇల్లు" అన్నాడు. అక్కడ ఏ ఇల్లూ లేదు, ఖాళీ పొలం. అప్పుడు నాకు తెలిసింది వీళ్ళెవరో.

"గీత వాగు దాకా వచ్చిందేంటండీ?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "నేను మీ కమిటీకి రాశాను. దారి దగ్గర ఆపమని రాశాను. చదివారా?"

అప్పటికి ఉత్తర్వు మీద ముద్ర పడిపోయింది. అయినా నిజం చెబితే ఆమె లాయరు దగ్గరకి వెళ్ళేది, మంత్రికి రాసేది, పేపర్లో వేయించేది. ఏదో ఒక దారి ఉండేది. నేను పొద్దున్నుంచీ అందరికీ చెబుతున్న మాటే ఆమెకీ చెప్పాను.

"వచ్చినవన్నీ కమిటీ పరిశీలించిందండీ."

"సరే. థ్యాంక్యూ. మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ అతను నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఈ దేశంలో ఇల్లు కట్టుకునే దరఖాస్తులు ఎవరైనా చూడవచ్చు, ఇంటర్నెట్‌లో పెడతారు. నేను ప్రతి నెలా చూసేవాణ్ణి. ఎవరికీ చెప్పకుండా, ఆఫీసు కంప్యూటర్లో కాకుండా ఇంట్లో చూసేవాణ్ణి. ఒకటిన్నర సంవత్సరం తరువాత ఆమె దరఖాస్తు కనబడింది. రెండు నెలల్లో తిరస్కరించారు. కారణం రెండు పేరాల్లో ఉంది. ఊరి చుట్టూ పచ్చదనం కాపాడే మేరలో ఈ నేల ఉన్నందున అని. ఆమె అప్పీలు వేసింది, అదీ పోయింది. అప్పీలు కాగితాల్లోనే మిగతాది తెలిసింది. తమ్ముడు ఒకసారి పొయ్యి ఆర్పడం మరిచిపోయాడు, చెయ్యి కాలింది. ఒక్కడే ఉండటానికి వీల్లేదని డాక్టర్లు రాశారు. ఇల్లు కట్టుకోనివ్వకపోతే అతన్ని ఇలాంటివాళ్ళను చూసుకునే ఆశ్రమానికి పంపించాల్సి వస్తుందని ఆమె వేడుకుంది. పంపించాల్సే వచ్చింది. గంటన్నర ప్రయాణం.

ఇదంతా నా గుండెల్లో పెట్టుకుని నేను మామూలుగానే తిరిగాను. రైలెక్కాను, పండగలకు పులిహోర కలిపాను, మా పాప డిగ్రీ పట్టా తీసుకుంటే ఫొటోలో నవ్వాను. నిద్ర పట్టలేదని అబద్ధం చెప్పను, పట్టింది. కానీ ఎవరైనా "అంకుల్ చేతిలో పని పెడితే నిశ్చింత" అంటే మాత్రం అక్కడ్నుంచి లేచిపోయేవాణ్ణి.

రిటైరైన వారానికి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి టీ తాగుతోంది. మొదట్నుంచీ చివరిదాకా విన్నది. కప్పు కింద పెట్టింది.

"ఆమెకు చెప్పారా?"

"ఇన్నేళ్ళయ్యాక ఏం చెప్తా? చెప్తే మాత్రం ఏమొస్తది?"

"ఏమొస్తదో నాకు తెలీదు. మా దగ్గర ఆపరేషన్లో ఏదన్నా పొరపాటు జరిగితే, పేషెంటును కూర్చోబెట్టి మేమే చెప్పాల. వాళ్ళడిగిందాకా ఆగగూడదు. ఇట్టా జరిగింది, మా వల్లే జరిగింది, క్షమించండి అని చెప్పాల. రోగం తగ్గుద్దని కాదు. తనకు ఏం జరిగిందో ఆ మనిషికి తెలియాలి కదండీ. మీ ఆఫీసులో అట్టాంటి రూలేం లేదా?"

"లేదు."

"లేకపోతే మాత్రం?" అంది. కేకలు వేసినా బాగుండేది.

కార్యదర్శికి ముందు రాశాను. అతను ఇప్పుడు ఇంకో శాఖలో పెద్ద పదవిలో ఉన్నాడు. పాత ఫైలుకు నా ఉత్తరం జత చేయించి, "ఆ రోజు మిమ్మల్ని రెండుసార్లు అడిగాను" అని ఒక్క వాక్యం తిరిగి రాశాడు. నిజమే, రెండుసార్లు అడిగాడు.

తరువాత ఆమెకు రాశాను. దరఖాస్తు మీద చిరునామా ఉంది. స్కానరు సంగతి, పెట్టెల సంగతి, గ్రంథాలయంలో నేను ఆడిన అబద్ధం అన్నీ రాశాను. వేరేవాళ్ళ మీదకి తోసే వాక్యం ఒక్కటీ రాకుండా నాలుగుసార్లు తిరగరాశాను. ఎవరినైనా సలహా అడగాలంటే ఈ ఉత్తరం చూపించుకోవచ్చని, ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతానని, నా ఫోన్ నంబరు వేసి పోస్టు చేశాను. తిడుతుందనుకున్నాను. కోర్టుకు పిలుస్తుందనుకున్నాను. పిలిస్తే బాగుండుననీ అనుకున్నాను.

పదిహేను రోజులకు ఒక ఉదయం ఫోన్ వచ్చింది.

"ఉత్తరం రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"అయితే వెనకవైపు ఎవరూ చదవలేదా?"

"ఎవరూ చదవలేదండీ. చదివి ఉంటే గీత దారి దగ్గరే ఆగేది. ఆ మాట అధ్యక్షుడే అన్నాడు, నేను విన్నాను."



"నేను సరిగ్గా రాయలేదనుకున్నాను" అంది. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. చేత్తో రాసి తప్పు చేశానా, టైపు చేయించాల్సిందా, తమ్ముడి సంగతి ముందు రాయాల్సిందా అని ఎన్నిసార్లు అనుకున్నానో. వాళ్ళు చదివారు, చదివినా వాళ్ళ మనసుకి ఎక్కేట్టు నేను రాయలేకపోయాను అనుకున్నాను. ప్రతి ఆదివారం వాడి దగ్గరకి వెళ్తాను. ఇంటికెప్పుడు తీసుకెళ్తావని అడుగుతాడు. అక్కకు రాయడం చేతకాలేదు నాన్నా, అందుకే పోయింది మన ఇల్లు అని చెప్తుంటాను."

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు.

"ఈ ఆదివారం వెళ్ళి చెప్తాను, అక్క బాగానే రాసిందట అని" అని ఫోను పెట్టేసింది.